కోళ్ల గంపకు తీరికెక్కడ?

నేను ఒక కోళ్ల గంపను. పేరుకే లెండి! ఆ ఒక్క పనీ సవ్యంగా చేసుకోనిస్తేగా ఈ మహానుభావులు! మేదర నాంచారయ్య వేళ్లు కోసుకుంటూ వెదురు బద్దలు చీల్చి నన్ను అల్లాడు. "దీని కింద నాలుగు పెట్టలు హాయిగా పడుకుంటాయి" అన్నాడు. మాచర్ల సంతలో నన్ను కొన్న పిచ్చయ్య, ఎండగా ఉందని నెత్తిన బోర్లించుకుని ఇంటికి నడిచాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

వేసవంతా నయమే. పిల్లలకోడిని నా కింద మూసేవారు, గద్దలు చూసి పోయేవి. తొలకరి పడగానే పిచ్చయ్య నన్ను తిరగేసి గేదెల పేడ ఎత్తడం మొదలుపెట్టాడు. ఒళ్లంతా కంతలున్నదాన్ని, సగం పేడ దారిలోనే జారిపోయేది. తిట్లు మాత్రం నాకు!

"గంపతో పేడెత్తుతావేందయ్యా, తట్ట ఏమైంది?" అనేది అతని భార్య ఆదెమ్మ.

"తట్ట ఎతికేలోపు పొద్దు పోద్ది."

తట్ట అతని కాళ్ల దగ్గరే ఉండేది.

చలికాలం మేకలు ఈనాయి. తల్లులు మేతకు పోతే వాటి పిల్లల్ని నా కింద మూసేవారు. సరిగ్గా అప్పుడే నల్లమేక ఈనుతూ చచ్చిపోయింది. ఆడపిల్ల ఒక్కటి మిగిలింది. ఆదెమ్మకు దాని మీదే ప్రాణం. గేదెపాలు పడితే కడుపు చెడింది. రెండు పిల్లల తల్లి బుడ్డమేక దగ్గర విడిస్తే, వాసన చూసి కుమ్మి అవతల పారేసింది.

"ఇట్టాగే ఉంటే ఇది దక్కదయ్యా" అని ఆదెమ్మ కళ్లొత్తుకుంది. దాన్ని విడిగా కట్టేయమనీ, మధ్యాహ్నం కాసిని నీళ్లపాలు పట్టమనీ మొగుడికి చెప్పి మిరపకోతకు పోయింది.

పిచ్చయ్య వింటేగా! మూడు పిల్లల్నీ కలిపి నా కింద కుక్కేసి పులిజూదానికి పోయాడు. పాలూ లేవు, పాడూ లేదు. రోజంతా అవి ఒకదాని మీద ఒకటి పడి దొర్లాయి, నా లోపలంతా పాడుచేశాయి. దానికి తోడు నాలో వానాకాలపు పేడ కంపు. నేను ఆ బక్కదాని ఊపిరి లెక్కపెడుతూ ఉన్నాను.

సాయంత్రం ఆదెమ్మ నన్నెత్తి గుండె బాదుకుంది. ఇంతలో బుడ్డమేక వచ్చి మూడింటినీ మూచూసింది. అన్నీ ఒకటే కంపు. ఏది తనదో తెలియక మూడింటికీ పాలిచ్చింది.

"చూశావా నా తెలివి!" అన్నాడు పిచ్చయ్య.

తెలివి అతనిదట! కంపు నాది కాదూ?

మరుసటేడు అతను నా మీద కూర్చుని నా నడుము విరిచి, పెంటకుప్పలో పారేశాడు. పోనీ, సుఖంగా కుళ్లిపోదామనుకున్నాను. నా కింద బతికిన ఆ మేకే వచ్చి నా బద్దలు నమలడం మొదలుపెట్టింది. విశ్వాసం లేని జన్మ!

అదిలించడానికి వచ్చిన ఆదెమ్మ దాని పొట్ట తడిమింది. "ఓసి నీ ఇల్లు బంగారంగాను, నేడో రేపో ఈనేట్టుందే! ఏమయ్యా, సంతలో కొత్త గంప తెచ్చావా?"

"బీడీలు తెచ్చా" అన్నాడు పిచ్చయ్య.

ఆదెమ్మ నన్ను కుప్పలోంచి లాగి, విరిగినచోట పురికొస చుట్టింది. అతను చెంబుతో నీళ్లు తెచ్చాడు.

"కడగమాక! ఆ కంపే గదా ఈ మేకను బతికించింది" అంది.

ఇప్పుడు నా కింద రెండు పిల్లలున్నాయి. ఒకటి అప్పుడే నా బద్ద కొరుకుతోంది. ఏ తల్లి బిడ్డ మరి!