రాజుగారి కుర్చీ

శాలిబండలో నాది టెంట్ హౌస్. పెళ్లికొడుకులు కూర్చునే సింహాసనం కుర్చీ కావాలని ఆదివారం మలక్‌పేటలోని ఒక చర్చికి పిలిచారు. ఎవరికని అడిగితే, "మా రాజుకు" అన్నారు పాస్టరుగారు.

ఆ రాజెవరో చూద్దామని వెనకే నిలబడ్డాను. ఎవరూ రాలేదు. ఖాళీ కుర్చీ ముందు యేసు రాజని పాటలు పాడారు.

అంతలో రూతమ్మ వచ్చింది. చర్చి గేటు దగ్గర కూరగాయలమ్ముతుంది. పొద్దున కుర్చీ తెచ్చిన నా ఆటో అడ్డమొచ్చిందని నన్ను నానా మాటలూ అన్నది ఆమే. లోపల చోటు లేదు. పాస్టరుగారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆమెను సింహాసనంలో కూర్చోబెట్టారు. నాకు ఒళ్లు మండింది.

ప్రార్థన కాగానే అడిగేశాను. "అయ్యగారూ, గది రాజు కుర్చీ అంటిరి! గీమె ఏం జేసిందని కూసోబెట్టిన్రు?"

"ఏం జెయ్యలే అన్నా. మా రాజు దగ్గర ఏమన్న జేసి కూసున్నోళ్లు ఎవ్వరూ లేరు. ఆయన పిలుస్తడు, మేం కూసుంటం. గంతే."

నా మాట వినబడిందేమో, రూతమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. "పొద్దటి సంది నిలబడ్డవు బిడ్డా. దా, కూసో."

పదకొండేళ్లుగా ఆ కుర్చీని మోస్తున్నాను. అందులో కూర్చోవడం అదే మొదటిసారి.