అద్దెకున్నవాడు

మామయ్య ముప్పై నాలుగేళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచిన మనిషి. ఆయన ఎడమకాలి పుండులో ఏ మందుకూ లొంగని బ్యాక్టీరియా చేరి రెండు నెలలైంది. దానికాయన ‘అద్దెకున్నవాడు’ అని పేరు పెట్టాడు. ఖాళీ చెయ్యమంటే చెయ్యడు, పైగా ఇల్లంతా తనదేనంటాడు. గురువారం మోకాలి కింద నుంచి కాలు తీసేయాలని, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పని సర్జన్ తేల్చిచెప్పాడు. మామయ్య సంతకం పెట్టలేదు.

“మా కోడలు తొమ్మిదేళ్ళుగా ఈ పురుగులతోనే కుస్తీ పడుతోంది. తను ఆగమంటే ఆగుతా, తియ్యమంటే తీయించుకుంటా,” అన్నాడు.

అప్పటినుంచి కోడలికి ముద్ద దిగడం లేదు. కొత్త మందులు తయారుచేసే ల్యాబులో ఆమె కెమిస్టు. తొమ్మిదేళ్ళ పని గురించి చెప్పుకోవాలంటే సిగ్గుచేటు. ఆమె మందు లోపలికి వెళ్తే ఆ బ్యాక్టీరియా చస్తుంది. కానీ వెళ్ళదే! దానికి రెండు పొరల గోడ, గోడకు సన్నటి కంతలు. ఎలాగో దూరినా, లోపలి పంపులు మెడబట్టి బయటికి గెంటేస్తాయి. అందుకని ఈమధ్య ఆమె మందు అణువును కాస్త సన్నబరిచి, ఒక కొనకు చిన్న నత్రజని తోక తగిలించింది.

మంగళవారం పొద్దున బ్యాక్టీరియా పెంచిన ప్లేటు తీసి చూస్తే, మందు చుక్క చుట్టూ చొక్కా బొత్తాం అంత మేర బ్యాక్టీరియా లేదు. ఎలుకల మీదైనా పరీక్షించని మందును మనిషికివ్వరని ఆమెకు తెలియక కాదు. అయినా ప్రత్యేక అనుమతి అడగొచ్చు, రెండు వారాలు ఆపరేషన్ ఆపించొచ్చు అనిపించింది. ఆశ పుట్టాక చదివిన చదువంతా ఏ మూలకు పోతుందో! ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది.

“అమ్మాయ్, ఆగు. ఇది నాకు నచ్చలేదు,” అంది అద్దాలక్క. పాతికేళ్ళుగా ల్యాబులో ప్లేట్లు తయారుచేస్తున్న అసిస్టెంటు ఆవిడ. కళ్ళకో జత, నెత్తిమీదో జత అద్దాలుంటాయి కాబట్టి ఆ పేరు. “ఈ ప్లేటులో బ్యాక్టీరియా మరీ నీరసంగా పెరిగింది. మనవాడు గట్టి పిండం కదా?”

ల్యాబులో ఆ బ్యాక్టీరియా రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి అసలుది. రెండోది, మందుకు చంపే శక్తి ఉందో లేదో చూడటానికి గోడ చెడగొట్టి పెంచింది. రెండూ చిన్న గొట్టాల్లో, ఒకే ఫ్రీజరులో, ఒకే పెట్టెలో, పక్కపక్క వరసల్లో ఉంటాయి. పైత్యరసపు లవణాలు కలిపిన ప్లేటు మీద అసలుది బతుకుతుంది, గోడ చెడినది చస్తుంది. మొదటి పరీక్షకు వాడిన గొట్టంలోంచి కాస్త తీసి అలాంటి ప్లేటు మీద రుద్దారు. అసలుదానితో మందు పరీక్ష కూడా మళ్ళీ పెట్టారు.

బుధవారం పొద్దున లవణాల ప్లేటు ఖాళీగా ఉంది. రెండో ప్లేటులో బ్యాక్టీరియా మందు చుక్కను లెక్కచెయ్యకుండా దర్జాగా పెరిగింది. మొదటిసారి తప్పు గొట్టం తీసింది మరెవరో కాదు, ఆమే.

మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్ళింది.

“ఏమ్మా, ఏమంటున్నాడు అద్దెకున్నవాడు?”

“తీయించుకోండి మామయ్యా. నా మందు గోడ దాటలేదు. దాటిందనుకుని నిన్న మిమ్మల్ని ఆగమనబోయాను. అసలుదనుకుని గోడ చెడినదాని గొట్టం తీశాను,” అని భోరుమంది.

ఆయన తన ఎడమ పాదం వైపు చూశాడు.

“నేనూ ఓసారి పెళ్ళివారి ఉత్తరం చావింట్లో ఇచ్చొచ్చాను. మర్నాడు మళ్ళీ వెళ్ళక తప్పిందా?” అన్నాడు. “ఆ కలం ఇలా ఇయ్యి.”

సంతకం పెట్టి అడిగాడు. “తీసిన కాలు ఏంచేస్తారు?”

“కాల్చేస్తారు.”

“ఆలోగా వాణ్ణి నీ దగ్గరికి పట్టుకుపో. వాడైతే అసలువాడే. ఈసారి పేరు రాసి విడిగా పెట్టు.”

గురువారం తీసిన కాలి పుండు నమూనా, ఆయన రాసిచ్చిన అంగీకారపత్రంతో శుక్రవారం ఓ చిన్న సీసాలో ల్యాబుకొచ్చింది. అద్దాలక్క దానికోసం వేరే పెట్టె తెచ్చింది. లవణాల ప్లేటు మీద వాడు మర్నాటికే నిండుగా పెరిగాడు. కోడలు గొట్టం మీద ‘అద్దెకున్నవాడు’ అని రాసి, అణువు తోకను ఇంకోవైపు తగిలించే పనిలో పడింది.

ఆదివారం చూడ్డానికి వెళ్తే మామయ్య దిండుకానుకుని కూర్చునున్నాడు. దుప్పటి ఎడమవైపు సగంలోనే చదునైపోయింది. ఆమె అటు చూడలేకపోయింది.

“నా దగ్గర ఖాళీ చేశాడులే,” అన్నాడాయన. తర్వాత పక్కమంచం వైపు కళ్ళతోనే చూపించి, గొంతు తగ్గించాడు. “ఆయన కాల్లో వాడి తమ్ముడు దిగాడట. నువ్విక్కడ కూర్చుంటే ఎలాగమ్మా? వెళ్ళు.”