గడియ తియ్యని చోటు

రెండువేల పన్నెండు దసరా సెలవుల్లో, జగదీశ్వర్ గది వెతుక్కుంటూ అశోక్‌నగర్ వెళ్ళాను. అప్పటికి మా అమ్మాయి వందన పోయి కొన్నాళ్ళయింది. ఆ కుర్రాడు దాని దగ్గరే పని నేర్చుకున్నాడు. వాళ్ళిద్దరూ పనిచేసిన కంపెనీ మూతపడ్డాక గ్రూప్-టూకి చదువుకుంటున్నాడు.

వచ్చిన పని చెప్పాను. వాళ్ళ కంపెనీ అమ్మిన యంత్రాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయేవి. కెర్నెల్‌లో, అంటే కంప్యూటర్‌ను లోపలనుంచి నడిపే అసలు ప్రోగ్రాంలో, వందన రాసిన భాగమే కారణమని అందరి ముందూ అన్నారు. ఆ ఏటి వానల్లోనే అమ్మాయికి డెంగీ వచ్చింది. ఆసుపత్రిలో, జ్వరం మత్తులో కూడా, "నాది కాదు నాన్నా, చూడమను" అంది. ఎవరూ చూడలేదు.

"అమ్మాయిది కాదని తేల్చగలవా బాబూ?"

"చూద్దాం సార్. కంపెనీ మూసేటప్పుడు ఒక మెషీన్ తుక్కుల పడేస్తుంటే తెచ్చుకున్న. గదొక్కటే నా దగ్గర ఉంది."

పక్క మంచం మీద పుస్తకం పట్టుకుని ఉన్న అతని గదిమిత్రుడు వెంకటేశ్ తలెత్తాడు. "అయిపాయె. సిలబస్‌ల లేనిదైతేనే నీకు మంచిగ చదవబుద్ధయితది అన్నా."

"నోర్మూసుకొని చాయ్ చెప్పుపో. సార్ వచ్చిండు."

"రాసింది చదివితే తెలియదా?" అన్నాను.

"మస్తుసార్లు చదివినం సార్. చదివితే ఎన్ని తొవ్వలున్నయో తెలుస్తది. నడిచేటప్పుడు ఏ తొవ్వల పోతదో తెల్వది."

ఫంక్షన్ అంటే పేరున్న ఒక చిన్న పని అని, ఒకటి ఇంకొకదాన్ని పిలుస్తుందని చెప్పాడు. నడుస్తున్న కెర్నెల్‌ను ఆపకుండానే, ఏది దేన్ని పిలిచిందో వరుసగా రాయించవచ్చట. తెర మీద పేర్లు ఆగకుండా పైకి కదిలిపోయాయి. యంత్రం నెమ్మదించింది గాని బిగుసుకోలేదు. రెండోసారి వెళ్ళినప్పుడూ అంతే.

"మనం చూస్తుంటే మంచిగుంటది సార్. అన్నిటిని రాసుడుతోనే దాని నడక మారుతది."

నేను తరగతి గుమ్మంలో నిలబడగానే సద్దుమణిగే పిల్లలు గుర్తొచ్చారు. అది మంచితనం కాదని నాకు తెలుసు. అయినా ఆశ కలిగింది.

తర్వాతి ఆదివారం అతను వందన రాసిన ఫంక్షన్లను మాత్రమే గమనించేట్టు పెట్టాడు. ఇరుకైనప్పుడు బిగుసుకుంటుందేమో చూద్దామని మెమరీ చాలకుండా చేశాడు. మేం భోజనం చేసి వచ్చేసరికి యంత్రం బిగుసుకుపోయి ఉంది. చివరిదాకా పిలిచిన పేర్లన్నీ వైరుతో కలిపిన ల్యాప్‌టాప్‌లోకి చేరాయి.

దగ్గరికి జరిగి చూశాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు.

"అక్క ఒక్కతే గిట్ల పేర్లు పెట్టేది సార్. మేనేజర్ ఎన్నిసార్లన్నా మార్చకపాయె."

ఒకరు వాడుతున్నదాన్ని ఇంకొకరు ముట్టకుండా గడియ వేయాలి, పని కాగానే తీయాలి, తీసేదాకా తర్వాత వచ్చింది అక్కడే ఆగి ఉంటుంది, అన్నాడు. చదువుకుంటూ వెళ్ళాను. గడియ వెయ్యి, గడియ తియ్యి. గడియ వెయ్యి, గడియ తియ్యి. పేజీలకు పేజీలు అలాగే ఉంది. చివర్లో ఒకచోట, గడియ వెయ్యి. దాని కింద, చోటు అడుగు. మెమరీలో చోటు దొరకలేదన్నాడు జగదీశ్వర్. గడియ తియ్యకుండానే ఆ పని వెనక్కి వచ్చేసింది. ఆ కింద మళ్ళీ, గడియ వెయ్యి. తర్వాత ఏమీ లేదు.

నేను తెలుగు పంతుల్ని. ఇంకెవరూ విడమరిచి చెప్పవలసిన అవసరం లేకపోయింది.

"ఎవరైనా తర్వాత మార్చి ఉంటారా?"

"లేదు సార్." జగదీశ్వర్ తెర వైపే చూస్తున్నాడు. "రాసినంక నేనే చూసి బాగుందన్న. నాకూ కనపడలే." ల్యాప్‌టాప్ మూస్తూ, "మెషీన్ ఖరాబైంది, ఏం తేల్లేదని ఆంటీకి చెప్పుండ్రి సార్" అన్నాడు.

చిక్కడపల్లి దాకా నడిచే వచ్చాను. లైబ్రరీ గోడ పక్కన పిల్లలు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని ఒకరికొకరు ప్రశ్నలు వేసుకుంటున్నారు.

వందన పోయినప్పటినుంచి నా భార్య అన్నపూర్ణ పొద్దున్నే పాలు కాస్తూ ఆ కంపెనీవాళ్ళను పేరుపేరునా తిట్టేది. నేనెప్పుడూ వారించలేదు. ఆ తిట్లతోనే లేచి తిరుగుతోందని నాకు తెలుసు.

"ఏమన్నాడండీ?" తలుపు దగ్గరే అడిగింది.

తప్పు అనాలో పొరపాటు అనాలో తేల్చుకోలేకపోయాను. జగదీశ్వర్ చెప్పమన్న మాట కూడా నోటిదాకా వచ్చింది. కాని చూడమంది వందన. చూసి అబద్ధం చెప్పలేను.

"అమ్మాయి రాసినదాంట్లోనే ఉంది. ఒక్కచోట మరిచిపోయింది."

"నాది కాదందిగా?"

"దానికి తెలియదు."

"అయితే వాళ్ళన్నది నిజమేనా?"

"నిజమే."

అన్నపూర్ణ గోడ పట్టుకుని కింద కూర్చుంది. "ఇంక ఎవర్ని తిట్టుకోనండీ నేను?" అంది. ఏడవలేదు.

మర్నాడు అన్నపూర్ణ లేవలేదు. పాలు నేను కాచాను. వంటింట్లో స్టవ్ మంట చప్పుడు ఒక్కటే వినిపించింది.