బలం మాత్రలు

"ఎముకలోకి సూది దింపితే పిల్ల మల్లీ నడుత్తాదంతావా, అప్పా?"

కాశీబుగ్గ జీడిపిక్కల షెడ్డులో దమయంతి పొద్దుట్నుంచి అడుగుతున్నది ఇదే. పక్క పీట మీది బొడ్డమ్మ, దమయంతికి అక్క వరస, తలెత్తలేదు.

"నీ నోటితోనే దాన్ని కుంటిదాన్ని సేసీసినావు కదే. పిక్క సూసి కొట్టు, ఏలు పోతాది."

దమయంతి కొట్టింది. పదహారేళ్లుగా కొడుతోంది. బూడిద రాసుకున్నా జీడిసొన ఆగదు. వేళ్ల చర్మం నల్లబడి పొలుసులుగా లేచింది. పప్పు చితక్కుండా తీస్తుందని పేరుంది. పేరంటే మేస్త్రీ తిట్టకపోవడమే.

కూతురు ప్రమోదినికి పదిహేడేళ్లు. ఆరు నెలలుగా ఆయాసం, ఒళ్లంతా దురద. గురువారాల్లో టెక్కలి వచ్చే రక్తం డాక్టరమ్మ రక్తంలో ఈసినోఫిల్ అనే తెల్లకణాలు విపరీతంగా పెరిగాయంది. నులిపురుగుల మందుకి తగ్గలేదు కాబట్టి తుంటి ఎముకలోంచి మజ్జ తీసి చూస్తేగాని ఏ మందు ఇవ్వాలో తేలదంది. ఇంకోసారి రక్తం చూసి, ఆ పరీక్షకి విశాఖ పంపుతానంది. మర్నాడే దమయంతి మందుల కొట్టు కొండబాబుని అడిగి, ఆ కణాలు దిగే మాత్రలు తెచ్చింది. బలం మాత్రలని చెప్పి పన్నెండు రోజులు పిల్లచేత మింగించింది.

ఆ గురువారం మధ్యాహ్నం షెడ్డు నుంచి ఇంటికొచ్చి, కూతురితో టెక్కలి బస్సెక్కింది. ఎంత తోమినా నలుపు వదలని చేతుల్ని కొంగులో దాచుకుని డాక్టరమ్మ ముందు కూర్చుంది.

డాక్టరమ్మ కొత్త రక్తపరీక్ష కాగితం రెండుసార్లు చూసింది. "బాగా తగ్గాయే. ఇలాగైతే మజ్జ పరీక్ష ఇప్పుడే అక్కర్లేదు."

దమయంతి కోరుకున్న మాట అదే.

"మధ్యలో మాత్రలేమైనా వాడారా? స్టెరాయిడ్లు వేసుకుంటే రక్తం బాగుపడినట్టే కనిపిస్తుంది. జబ్బు ఎముకలో అలాగే ఉండి, గుండెని దెబ్బతీస్తుంది."

ప్రమోదిని నవ్వింది. "నేదండి. మాయమ్మ బలం మాత్రలు ఎట్టింది, అవే. ఇప్పుడు మెట్లెక్కినా ఆయాసం నేదు."

డాక్టరమ్మ తల్లివైపు తిరిగింది. "ఏం మాత్రలు?"

బయట కాంపౌండరు తర్వాతి పేరు పిలిచాడు. బలానికేనని తలూపితే సూది ఉండదు. పిల్ల ఎదుట దొంగ కానక్కర్లేదు. దమయంతి తల వంచుకుంది. కాంపౌండరు మళ్లీ పిలిచాడు. ప్రమోదిని నవ్వు ఆగిపోయింది. డాక్టరమ్మ బలం మాత్రలేననుకుని కాగితం మడిచి దమయంతికి అందించబోయింది.

"బలానికి కాదమ్మా," అంది దమయంతి, బల్ల అంచుని చూస్తూ. "సూదికి బయపడి నానే కొన్నాను. దినానికి నాలుగు. పిల్లకి తెల్దు."