బెత్తెడు ఎత్తు

అక్క పోయిన రోజున కూడా మేస్త్రీ కుర్చీలు బిగించాడు.

కబురు వచ్చేసరికి స్టేడియంలో ఒక వరస మధ్యలో ఉన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. మిగిలిన కుర్చీలన్నిటికీ బోల్టులు బిగించి, అప్పుడు లేచాడు. ఎందుకలా చేశాడో అతనికే తెలియదు. చేతులు పనిలో ఉన్నాయి, వాటిని ఆగమని ఎవరూ చెప్పలేదు, అంతే. అక్క ఇంటికి చేరేటప్పటికి పొద్దు వాలింది. గుమ్మంలో బావ నిలబడి ఉన్నాడు. మేస్త్రీ వేళ్ల సందుల్లో ఇంకా ఆరని గ్రీజు వంక కాసేపు చూశాడు.

"వరస పూర్తి చేసే వచ్చావా?" అన్నాడు.

కోపంగా కూడా అనలేదు. ఆ తరవాత మాత్రం అతనితో మాట్లాడలేదు. అది జరిగి రెండేళ్లు దాటింది.

ఈ రోజు ఫుట్‌బాల్ ఆట ఉంది. ఆట ఉన్న రోజున మేస్త్రీ పొద్దున్నే గోలు వెనక స్టాండులోకి వస్తాడు. ఖాళీ మైదానంలో గడ్డి మీద నీళ్లు చిమ్ముతూ ఉంటాయి. ఎవరూ లేని స్టాండులో చిన్న దగ్గు కూడా పెద్దదిగా వినిపిస్తుంది. అతను వరస చివరినుంచి మొదలుపెట్టి ఒక్కొక్క ప్లాస్టిక్ కుర్చీనీ అరచేత్తో నొక్కుతూ పోతాడు. బోల్టు గట్టిగా ఉన్న కుర్చీ మాట్లాడదు. వదులైనది కిర్రుమంటుంది. కిర్రుమన్నచోట మోకాలు ఆనించి, పానా పెట్టి, భుజం నుంచి బలం తెచ్చి తిప్పుతాడు. ఏళ్లతరబడి ఆ తిప్పుడుకి అతని కుడి బొటనవేలు పక్కకు వాలిపోయింది. ప్యాంటు మోకాళ్ల దగ్గర పాత టైరు ముక్కలు కుట్టించుకున్నాడు.

కుర్చీల మీద కూర్చున్న గుర్తులు తక్కువ, చెప్పుల గుర్తులు ఎక్కువ. జనం వాటి ముందు నిలబడతారు, గోలు పడితే వాటి మీదికి ఎక్కుతారు. కూర్చోవడానికి వేసినవాటిని నిలబడి విరగ్గొడితే మళ్లీ కూర్చోవడానికి వీలుగా బాగుచెయ్యడం అతని ఉద్యోగం. అతని గదిలో ఉన్నది ఒకే ఒక్క కుర్చీ. దాని మీద బట్టలుంటాయి. మంచం అంచున కూర్చుని తింటాడు.

ఒకప్పుడు ఇక్కడ కుర్చీలు లేవు. ఉత్త సిమెంటు మెట్లు. జనం ఒకరి భుజం ఒకరికి ఆనించుకుని నిలబడేవాళ్లు. బావ సిటీ బస్సు డ్రైవరు. "వారమంతా కూర్చునే బతుకు నాది, ఈ ఒక్క పూటన్నా నిలబడనీయండి" అనేవాడు. పెళ్లయిన కొత్తలోనే అక్కనీ తీసుకొచ్చాడు. అక్క అతని పక్కన నిలబడి వేసే కేకకు అవతలి జట్టుకు గోలు కాసే గోలీ చేతిలోని బంతి వదిలేస్తాడని చుట్టుపక్కలవాళ్లు పందాలు కాసేవాళ్లు. తరవాత అక్క మోకాళ్లు అరిగిపోయాయి. పావుగంట నిలబడితే కళ్లమ్మట నీళ్లు. బావ ఒక్కడే వచ్చి, ఒక్కడే నిలబడి, ఇంటికెళ్లి ఆటంతా ఆమెకు అప్పచెప్పేవాడు.

ఎక్కడో వేరే ఊళ్లో తొక్కిసలాట జరిగి మనుషులు పోయారని, ఇక్కడ కూడా మెట్లు మూసి కుర్చీలు వేయించారు. ఆ పని మేస్త్రీకే వచ్చింది.

"మా మెట్ల నెత్తిన మేకులు కొడుతున్నది ఎవరో కాదు, సాక్షాత్తూ మా బావమరిదే" అని బావ ఊరంతా చాటాడు. అక్క మాత్రం సంబరపడిపోయింది. "ఒరేయ్ తమ్ముడూ, ఇక నేనూ రావచ్చురా!" అంది.

ఆమె కోసం మేస్త్రీ మెట్ల పక్కన, వరస చివరి కుర్చీ ఏరిపెట్టాడు. ఆమె పొట్టి మనిషి. ముందువాళ్ల తలలు అడ్డొస్తాయని ఆ ఒక్క కుర్చీ ఇనుపకాళ్ల కింద చెక్క దిమ్మలు దూర్చి బెత్తెడు ఎత్తు లేపాడు. ఎవరూ అడగలేదు, అతనూ ఎవరికీ చెప్పలేదు. అంతా ఆలోచించాడు గానీ, ఒక్క సంగతి మరిచిపోయాడు. కుర్చీ వేసినంత మాత్రాన మనిషి కూర్చోడు.

అక్క పాత బస్సు సీటు మీది ఆకుపచ్చ రెక్సిన్‌తో తనే ఒక దిండు కుట్టుకుని వచ్చింది. దాని మీద కూర్చుని, నేలకు అందని కాళ్లు ఊపుతూ నవ్వింది. ఈల మోగింది. స్టాండంతా లేచి నిలబడింది. పక్కనే బావ కూడా లేచాడు. అది అతనికి ఊపిరి పీల్చినంత అలవాటు.

"కూర్చోండయ్యా, వెనక పెద్దావిడ ఉంది!" అని మేస్త్రీ కిందనుంచి గొంతు చించుకున్నాడు.

"ముందువాణ్ని కూర్చోమను, నేనూ కూర్చుంటా" అన్నాడొకడు.

"నా ముందువాడో మరి?"

"అలా అడుగుతూ అడుగుతూ గోలీ దాకా వెళ్లు మేస్త్రీ! ఆయన కూర్చుంటే అందరం కూర్చుంటాం."

ఆట అయిపోయాక మేస్త్రీ చెయ్యి పట్టుకుని ఆమెను మెట్లు దింపాడు. బావ ముందు నడుస్తున్నాడు. "ఏమీ కనబడి ఉండదు కదక్కా" అన్నాడు మేస్త్రీ, తప్పు తనదే అయినట్టు.

"బంతి కనబడలేదు" అంది అక్క, గొంతు తగ్గించి. "మీ బావ మొహం కనబడింది. ఆటంతా అందులోనే ఉందిరా. గోలు పోయినప్పుడు ఎలా పెట్టాడో చూడాలి, చంటిపిల్లాడిలాగా! ఇన్నేళ్లూ పక్కన నిలబడ్డాను గానీ ఒక్కసారీ చూళ్లేదు. నువ్వు ఎత్తు పెట్టావు కాబట్టి మొహం దాకా అందింది. లేకపోతే మోచెయ్యి చూసుకుని రావలసిందే." నవ్వింది. "ఆయనకి చెప్పకు, ఇప్పుడే. ఇంటికెళ్లాక నేనే చెబుతాను."

చెప్పలేదు. అక్క ఎందుకు చెప్పలేదో తెలియదు. ఆమెకు ఏమీ కనబడలేదని బావ నొచ్చుకుని, ఆ ఊసెత్తితేనే లేచి వెళ్లిపోతున్నాడని మాత్రం ఒకసారి ఫోనులో అంది. ఆమె మళ్లీ ఆటకు రాలేదు. ఆ చలికాలంలో పోయింది. ఆ మాట మేస్త్రీ దగ్గర ఉండిపోయింది.

అప్పటినుంచీ బావ ప్రతి ఆటకూ ఆ దిండు చంకలో పెట్టుకుని వస్తాడు. ఎవరూ ఎక్కి తొక్కకుండా అక్క కుర్చీ మీద పరుస్తాడు. తన కుర్చీ ముందు తను నిలబడతాడు. ఆ వరసలో చెప్పు గుర్తు లేని కుర్చీ అదొక్కటే. మేస్త్రీ దాన్ని కూడా ప్రతిసారీ నొక్కి చూస్తాడు. అది ఎప్పుడూ కిర్రుమనదు.

మధ్యాహ్నం సూపర్‌వైజర్ మెట్ల కింద నిలబడి పిలిచాడు.

"మేస్త్రీ, ఆ మూల కుర్చీ ఒకటి తలెగరేసుకుని కూర్చుందేం?"

"ఎత్తు పెట్టానండి."

"తనిఖీ వాళ్లు ఫొటో తీసుకుపోయారు. అన్నిటితో సమానంగా దించెయ్. ఆట మొదలయ్యేలోపు." వెళ్లబోతూ ఆగాడు. "ఇంకో మాట. ఇవాళ్టినుంచి నిలబడ్డవాళ్లకి ఒకసారి చెబుతారు, రెండోసారి బయటికే. మీ బావగారికి నువ్వే ముందు చెప్పి ఉంచు. ఆ వయసులో రెక్క పట్టుకుని నడిపించుకుపోతే ఏం బాగుంటుంది?"

"మా ఇద్దరికీ మాటల్లేవండి."

"మాటల్లేకపోతే సైగ చెయ్. నోరు నేనివ్వలేను గదా."

మేస్త్రీ ఆ కుర్చీ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక బోల్టు వదులు చేశాడు. రెండోది చెయ్యబోతుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అది బావ నడకే. గేట్లు తీయగానే వచ్చేశాడు. ఈమధ్య మెట్టు మెట్టుకూ ఆగుతున్నాడు. చంకలో దిండు ఉంది. పానా వంకా, పక్కకు లాగి ఉన్న చెక్క దిమ్మ వంకా చూసి అక్కడే నిలబడిపోయాడు.

"దించమన్నారు బావా" అన్నాడు మేస్త్రీ.

బావ దిండును చంకలో ఇంకాస్త అదిమిపట్టాడు.

మేస్త్రీ దిమ్మను మళ్లీ కిందికి తోశాడు. విప్పిన బోల్టు బిగించాడు. "తరవాత చూద్దాంలే" అన్నాడు నేలతో చెప్పినట్టు. బావ దిండు పరిచాడు. దాని అంచులు సరిచేశాడు. అదయ్యేదాకా మేస్త్రీ చూశాడు. అన్నిటికీ తెగించి అడిగాడు.

"ఇవాళ కూర్చో బావా. నిలబడితే బయటికి పంపించేస్తారట."

బావ మైదానం వైపు తిరిగాడు. అటు చూస్తూనే నోరు విప్పాడు.

"ముప్ఫయ్యేళ్లు కూర్చునే బండి తోలాను. ఇక్కడ కూడా కూర్చోమంటే ఎలారా?"

ఆ 'రా' దగ్గర మేస్త్రీ ఆగిపోయాడు. రెండేళ్లయింది ఆ పిలుపు విని. అక్క మాట గొంతు దాకా వచ్చింది. అంతలో జనం బిలబిలమంటూ మెట్లెక్కి వచ్చేశారు. "జరగండి మేస్త్రీ గారూ, దారికడ్డంగా ఏమిటా తపస్సు?" అంటూ ఎవరో భుజం తట్టారు. ఆట అయ్యాక చెబుతాను, తీరిగ్గా చెబుతాను అనుకుంటూ అతను సంచి తీసుకుని కిందికి దిగాడు.

ఆట జరుగుతున్నంతసేపూ అతను మెట్ల కింద నిలబడి ఉండాలి. ఈల మోగింది, అందరూ లేచారు. పసుపు కోటు వేసుకున్న కాపలాదారు వరస వెంట నడుస్తూ కూర్చోండి, కూర్చోండి అంటున్నాడు.

"కూర్చుని తింటే కొండలు కరుగుతాయి బాబూ, కూర్చుని చూస్తే గోల్సు కరుగుతాయి!" అని ఒకడు అరిచాడు. నవ్వులు.

"నా పక్కన మా అమ్మ కూర్చుందయ్యా, ఆవిడకి కనబడొద్దా?" అని ఇంకెవరో.

"మీ అమ్మని లేపు!"

మేస్త్రీకి నవ్వు రాలేదు. పసుపు కోటు ఒక్కడు, నిలబడ్డవాళ్లు వేలమంది. అందర్నీ పంపించలేరు. ఎవరో ఒకర్ని పంపించాలి. వరస చివర, మెట్ల పక్కన ఒంటరిగా దొరికే ముసలివాణ్ని పంపించడం తేలిక. విరామం అయ్యాక పసుపు కోటు సరిగ్గా అక్కడికే వెళ్లి ఆగాడు. వంగి ఏదో చెప్పాడు. బావ తలూపాడు.

తరవాత కూర్చున్నాడు. తన కుర్చీలో కాదు. అక్క కుర్చీ మీది దిండు తీసి ఒళ్లో పెట్టుకుని, ఆ కుర్చీలో కూర్చున్నాడు.

నిలబడ్డవాళ్ల సందులోంచి మేస్త్రీకి అతని మొహం చీలికలా కనబడుతోంది. అక్కకు ఏం కనబడిందో చూడటానికే కూర్చున్నాడని మేస్త్రీకి అర్థమైంది. బావ ముందు చూశాడు. వీపులు. ఇటు చూశాడు. చొక్కాలు, మోచేతులు. అటు, తను ఎప్పుడూ నిలబడే వైపు తల ఎత్తాడు. అక్కడ ఎవరూ లేరు.

అలాగే చూస్తూ ఉన్నాడు.

చెప్పాలి. ఇప్పుడే వెళ్లి చెప్పాలి. మేస్త్రీ ఒక మెట్టెక్కాడు. అప్పుడే గోలు పడింది. స్టాండు కూలిపోతుందేమో అన్నంత కేక. అందరూ కుర్చీలెక్కి గెంతుతున్నారు. బావ లేవలేదు. అవతలి చివర ఒక కుర్చీ విరిగి ఎవరిదో కాలు ఇరుక్కుంది. "మేస్త్రీ! మేస్త్రీ ఎక్కడ?" అని పిలుపులు. అతను పరిగెత్తాడు. ఇనప కమ్మీ వంచి, బోల్టులు కోసి, ఆ కాలు బయటికి తీసేటప్పటికి ఆట ముగిసింది. జనం దిగిపోతున్నారు. ఎదురీదినట్టు వాళ్లను తోసుకుంటూ పైకెక్కాడు.

కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద దిండు ఉంది. బావ లేడు.

బావ దిండు మరిచిపోవడం ఎన్నడూ లేదు. మరిచిపోయాడో, వదిలేశాడో. ఇదీ ఒకందుకు మంచిదే అనుకున్నాడు మేస్త్రీ. రేపు సెలవు. ఇది ఇవ్వడానికని వెళ్లొచ్చు. చేతిలో ఒక వస్తువుంటే గుమ్మం దాటడం సులువు.

మర్నాడు చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. దిండు సంచిలో పెట్టుకుని నడుస్తూ మాటలు కూర్చుకున్నాడు. అక్క ఏమందో తెలుసా బావా. మోచెయ్యి దగ్గరికొచ్చేసరికి బావ నవ్వుతాడు. నవ్వకపోయినా ఫరవాలేదు. సందు మలుపు తిరిగేసరికి ఆ ఇంటి గుమ్మం ముందు చాలా జతల చెప్పులు కనబడ్డాయి.

బావ పొద్దున నిద్ర లేవలేదట.

మేస్త్రీ సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అతని చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఏం పూర్తి చేసి వచ్చావని అడిగేవాళ్లు లోపల ఎవరూ లేరు.

తరవాతి ఆట పొద్దున, గడ్డి మీద నీళ్లు చిమ్ముతున్నాయి. మేస్త్రీ అవతలి చివరినుంచి మొదలుపెట్టి కుర్చీలు నొక్కుకుంటూ వచ్చాడు. సూపర్‌వైజర్ కిందనుంచి కేకేశాడు.

"ఆ కుర్చీ దించావా?"

"దించుతానండి."

వరస చివరికి వచ్చి, పానా ఒకసారి చేతిలో తిప్పి సంచిలో పెట్టేశాడు. సంచిలోంచి దిండు తీసి పరిచాడు. అంచులు సరిచేశాడు. అక్క మాట బావకు చెప్పలేదు. కుర్చీ ఇంకా దించలేదు. అన్నిటికంటే బెత్తెడు ఎత్తున, దాని మీద ఆకుపచ్చ దిండు ఉంది.