బల్ల కింది జాయింటు

ఫోను పెట్టేశాక కృపాకర్ చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మాట్లాడింది గండిపేట వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే వనిత. డిసెంబరులో మూడు రోజుల ప్రదర్శన పెడుతున్నామనీ, అందులో అతను చేసే చిన్న రైలు ఉంటే బాగుంటుందనీ అడిగింది. హాలు ఇరుకు, ఒక్కొక్కరికి ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు చోటే ఇవ్వగలమంది. అతను చూసి చెప్తానన్నాడు. కుదరదని ఎందుకు అనలేకపోయాడో అతనికే తెలియలేదు.

కృపాకర్‌కు నలభై నాలుగేళ్లు. ఊరు మొయినాబాద్ మండలం ఎంకపల్లి. కొండకల్ దగ్గరి రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఒక కాంట్రాక్టరు కింద ఎలక్ట్రీషియన్. పనిరోజుల్లో అసలు పెట్టెల్లో తీగలు లాగేవాడు, సెలవు రోజుల్లో ఇంట్లో జానెడు కూడా లేని పెట్టెలు చేసేవాడు. పదిహేనేళ్ల అలవాటది. పోయిన ఏడాది ఫిబ్రవరి నుంచి మాత్రం వాటిని ముట్టుకోలేదు.

ఆ ఫిబ్రవరిలో చేవెళ్లలో ఒక ప్రైవేటు బడి వాళ్లు పిలిస్తే ఎనిమిదడుగుల బల్ల మీద రైలు పెట్టాడు. ట్రాన్స్‌ఫార్మర్ తానే చుట్టుకున్నది. దాన్ని బల్ల కింద పెట్టి, కనబడకుండా చుట్టూ నేల దాకా నీలం గుడ్డ వేలాడదీశాడు. మధ్యాహ్నం ఎవరో నీళ్ల సీసా ఒలకబోశారు. బడిలో ఊడ్చి తుడిచే ప్రేమమ్మ, నీళ్లు బల్ల కిందికి పోతున్నాయని గుడ్డ ఎత్తి, మోకాళ్ల మీద వంగి, తడిబట్ట లోపలికి చాపింది. ఒక చిన్న చప్పుడు. ఆ తర్వాత ఆమె నోటి నుంచి వచ్చింది అరుపు కాదు, మూలుగు. కృపాకర్ ప్లగ్గు లాగేసరికి ఆమె పక్కకు ఒరిగిపోయింది.

దవాఖానలో బతికి బయటపడింది. కుడి అరచేయి కాలింది, రెండు వేళ్లు వంగిపోయి మళ్లీ సాపు కాలేదు. కరెంటు ఉన్న చోట తడిబట్ట ఎట్లా పెట్టావని బడి వాళ్లు ఆమెనే తప్పుపట్టారు, తర్వాత పనికి రావద్దన్నారు. చూసినవాళ్లంతా అదే మాట అన్నారు. కృపాకర్ నోరు విప్పలేదు.

అతనికి తెలిసిన సంగతి ఒకటుంది. ఆ పొద్దున బల్ల బిగించేటప్పుడు, గోడ నుంచి కరెంటు తెచ్చే తీగ జాయింటు మీద టేపు ఎండి విచ్చుకుని ఉండటం చూశాడు. కొత్త టేపు చుట్ట సంచిలోనే ఉంది. జనం వస్తున్నారు, తర్వాత చుడదాంలే అనుకున్నాడు. ఆ మాట భార్య గీతాంజలికి కూడా చెప్పలేదు.

వనిత ఫోను వచ్చాక మూడు రోజులు ఊరుకున్నాడు. నాలుగోనాడు ఆదివారం, చర్చి నుంచి వచ్చాక పాత క్యాలెండరు వెనక పెన్సిలుతో గీతలు గీయడం మొదలుపెట్టాడు. ఈసారి ఒక్క పెద్ద బల్ల వద్దు. మూడేసి అడుగుల రెండు పలకలు, మధ్యలో బోల్టులతో కలిసేవి. విడదీస్తే ఆటో వెనక సీట్లో పట్టాలి, ఇద్దరు మోయగలగాలి. వెడల్పు అడుగున్నరే కాబట్టి పట్టాల వంపు వ్యాసార్థం పంతొమ్మిది సెంటీమీటర్లకు మించడానికి లేదు, అంత వంపులో పొడుగు ఇంజను తిరగదు. చిన్న ఇంజను, మూడు పెట్టెలు. ముందు సగంలో పెట్టెలు తయారయ్యే షెడ్డు, ఒక ప్లాట్‌ఫారం. వెనక సగానికి ఆకాశం రంగు అట్ట అడ్డం, దాని చాటున రెండో రైలు ఆగి ఉండే లైను.

గీస్తున్నంతసేపు బాగానే ఉండేది. కరెంటు ఎక్కడి నుంచి తేవాలన్న దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు ఆగిపోయేది. ఒక కాగితం మీద గీసింది చింపాడు, ఇంకోటి గీశాడు. చివరికి అడాప్టరు గోడ దగ్గరే ఉండాలనీ, బల్ల దాకా పన్నెండు వోల్టుల సన్న తీగ మాత్రమే రావాలనీ తేల్చాడు. కరెంటు రవ్వంత పక్కదారి పట్టినా క్షణంలో సప్లై ఆపేసే ట్రిప్పర్ డబ్బా ఒకటి ముందు పెట్టాలి. బల్ల చుట్టూ గుడ్డ ఉండకూడదు. కింద ఏముందో ఎవరికైనా కనబడాలి.

నవంబరులో ఒకరోజు తలుపు వెడల్పు కొలవడానికి కాలేజీకి పోయాడు. హాల్లో ఒకామె వంగి నేల తుడుస్తోంది. కుడిచేతిలో రెండు వేళ్లు కర్రను పట్టుకోవడం లేదు. కృపాకర్ కాళ్లు అక్కడే నిలిచిపోయాయి. వెనక్కి తిరిగి పోదామనుకునేలోపు ఆమె తలెత్తింది.

"కృపాకర్ తమ్మీ, మంచిగున్నవా?" అంది ప్రేమమ్మ.

ఈ కాలేజీలో ఊడ్చే పనికి కుదిరి నాలుగు నెలలైందని చెప్పింది. అతను కొలత టేపు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "ఆనాడు నా తెలివితక్కువకు నీ రైలు ఆగమైపాయె. గింత పని పాడుచేస్తినని శానా రోజులు బాధపడ్డ."

కృపాకర్ తలుపు కొలవకుండానే బయటికి వచ్చి బండి తీశాడు.

ఇంటికి పోగానే గీతాంజలికి మొత్తం చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి విన్నది. కోపం చేస్తుందనుకున్నాడు. ఆమె ముఖం పాలిపోయింది. ఎలక్ట్రీషియనే తప్పు ఒప్పుకున్నాడని తెలిస్తే ఫ్యాక్టరీలో ఉంచుతారా అని అడిగింది. పోలీసులు వస్తారా అని అడిగింది. జరిగింది జరిగిపోయింది, ఇప్పుడు చెప్పినా ఆమె వేళ్లు బాగుకావు కదా, ఎందుకు తవ్వుకోవడం అంది. అతని భయాలు కూడా అవే. ఇన్నాళ్లు ఒక్కడే మోసినవి ఇప్పుడు ఇంట్లో ఇద్దరికీ పట్టుకున్నాయి. తర్వాత వారమంతా గేటు చప్పుడైతే ఇద్దరూ ఒకేసారి అటు చూసేవారు.

అయినా పని ఆపలేదు. ప్లైవుడ్డు కోయించాడు. రెండు పలకలు కలిసే చోట పట్టాలు వెంట్రుకవాసి కూడా జరగకుండా ఇత్తడి మరలకు అతికించాడు. బల్ల కింద తీగలు లాగి, ప్రతి జాయింటునూ రెండుసార్లు, మూడుసార్లు లాగి చూశాడు. తీగలను ఇంతగా ఎవరి కోసం చూసుకుంటున్నాడో అతనికి తెలుసు. ఆ మనిషేమో తప్పంతా తనదేననుకుని అతనికే క్షమాపణ చెప్పింది. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు.

"ఆమెకు చెప్పకుంటే ఈ రైలు నేను నడపలేను," అన్నాడు గీతాంజలితో.

ఆమె ఆ స్క్రూడ్రైవర్ తీసి డబ్బాలో పెట్టింది. "నేనూ వస్త. నువ్వొక్కడివే పోకు," అంది.

ప్రేమమ్మ ఇల్లు మొయినాబాద్‌లో బస్టాండుకు వెనక, రెండు గదుల కిరాయి ఇల్లు. ఆదివారం మూడు గంటలకు పోయారు. వాకిట్లో కుర్చీలు వేసింది, చాయ్ పెడతానంది. కృపాకర్ వద్దన్నాడు. కూర్చుంటే చెప్పలేనేమోనని నిలబడే చెప్పాడు. టేపు ఊడి ఉండటం చూశాననీ, చుట్టలేదనీ, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా దాచాననీ చెప్పాడు.

గీతాంజలి కొంగు చివర వేళ్లకు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. గోడ అవతల ఎవరింట్లోనో కుక్కర్ కూత పెట్టింది.

"నువ్వు చూసినవా?" అంది ప్రేమమ్మ.

"చూసిన అక్కా."

"చూసి ఊకున్నవు."

"ఊకున్న."

ఆమె తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, వంగిన వేళ్లను ఎడమచేత్తో పట్టుకుంది. "నా కొడుకు కూడ నన్నే తిట్టిండు తెలుసా? నీళ్లేందో కరెంటేందో తెల్వదా నీకు అన్నడు. నిజమే గదా, నాకు తెల్వదు అనుకున్న. ఇప్పటికీ నీళ్ల బకెట్ పట్టుకుంటే ఎక్కడ తీగ ఉన్నదో అని చెమటలు పడతయి. ఏడాదిన్నర దాటింది, తమ్మీ."

కృపాకర్ తల వంచుకున్నాడు. ఆమె ఏడుస్తుందనో, తిడుతుందనో ఎదురుచూశాడు. ఆమె గొంతు మరీ చిన్నదైంది.

"నాకెందుకు చెప్తున్నవు? నన్ను పనిలకెళ్లి తీసినోళ్లకు చెప్పు. రాసియ్యి." లేచి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది.

మర్నాడు సెలవు పెట్టి చేవెళ్ల పోయాడు. బడి నడిపే పెద్దాయన మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక, అది అయిపోయిన విషయం, ఇప్పుడు కాగితం ఎందుకన్నాడు. ఇట్లాంటివి రాసిస్తే నీకే ఇబ్బంది, బాగా ఆలోచించుకో అన్నాడు. అందులో బెదిరింపు ఉందో, మంచి కోరడం ఉందో కృపాకర్‌కు అర్థం కాలేదు. అయినా అక్కడే కూర్చుని తన చేత్తో ఒక పేజీ రాశాడు. తేదీ వేసి సంతకం పెట్టి, దానికి ఫొటో తీసుకుని, కాగితం పెద్దాయన చేతికిచ్చాడు. ఫొటోను ప్రేమమ్మ ఫోనుకు పంపాడు. ఆమె చూసినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

అటు నుంచి అటే గండిపేట పోయి వనితకు చెప్పాడు. ప్రదర్శన నుంచి తీసేస్తుందని ఖాయంగా అనుకున్నాడు. ఆమె అతని ప్లాను అడిగి తీసుకుని, తీగల గీతలన్నీ వేలు పెట్టి చూసింది.

"మా ఎలక్ట్రికల్ లెక్చరర్ వచ్చి విప్పి చూస్తడు. ఆయన సరే అంటేనే పెట్టిస్తం. ప్రేమమ్మకు ఆ మూడు రోజులు వేరే బ్లాకులో డ్యూటీ వేస్తా. ఆమెకు ఇష్టమైతేనే ఇటు వస్తది," అంది.

లెక్చరర్ రెండు పలకలు తిరగేసి గంటసేపు మీటరు పెట్టి చూశాడు. ఒక తీగ మందం పెంచమన్నాడు. పక్క స్టాలులో విద్యార్థులు నీళ్ల పంపు నమూనా పెడుతున్నారనీ, వాళ్ల సప్లై కూడా ఇతని ట్రిప్పర్ డబ్బా నుంచే ఇద్దామనీ అన్నాడు. కృపాకర్ సరేనన్నాడు. నీళ్లు అన్న మాట వినగానే మాత్రం ట్రిప్పర్ బటను నొక్కి, సప్లై ఆగుతోందో లేదో ఇంకోసారి చూసుకున్నాడు.

మొదటి రోజు రైలు చక్కగా తిరిగింది. షెడ్డులోంచి మూడు పెట్టెలు మెల్లగా బయటికి రావడం, అట్ట చాటుకు పోవడం, వెంటనే రెండో రైలు రావడం చూసి జనం నవ్వారు. కృపాకర్ రైలును చూడలేదు. అతని కళ్లు జనం కాళ్ల దగ్గర, బల్ల కింద, గోడ దగ్గరే తిరిగాయి. ఇంటికి పోయాక ఒంటినొప్పులతో మంచం ఎక్కాడు.

రెండో రోజు మధ్యాహ్నం రెండింటికి ట్రిప్పర్ డబ్బాలో టక్కుమని చప్పుడైంది. రైలు నడుమ దారిలో ఆగింది. కృపాకర్ నేల మీద కూలబడి బల్ల కిందికి చూశాడు. ఎవరూ లేరు. లేచి పక్క స్టాలుకు పరిగెత్తాడు. అక్కడ గాజు తొట్టి పగులుబట్టి, పంపు పక్కనుంచి నీళ్లు నేల మీదికి పారుతున్నాయి. ఒక విద్యార్థిని చెప్పుల దాకా తడిసి బిత్తరపోయి నిలబడింది. ఆమె చేయి ఇంకా పంపు మీదే ఉంది.

"ఏమన్న తగిలిందా బిడ్డా?" అని అడిగాడు.

"లేదు సార్. ముట్టుకోంగనే ఆగిపోయింది."

అతను ప్లగ్గులన్నీ లాగేసి, ఆ అమ్మాయిని దూరంగా కూర్చోబెట్టాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

నీళ్లు తుడవాలని ఎవరో కబురుపెట్టారు. వచ్చింది ప్రేమమ్మ. హాలు గుమ్మంలోనే ఆగింది. ఎవరికైనా తగిలిందా అని గుమ్మం నుంచే అడిగింది. ఎవరికీ తగల్లేదని, సప్లై మొత్తం తీసేశానని కృపాకర్ చెప్పాడు. అయినా ఆమె కదలలేదు. అతను ఊడదీసిన ప్లగ్గులన్నీ తెచ్చి, ఆమెకు కనబడేలా నేల మీద వరసగా పెట్టాడు.

అప్పుడు లోపలికి వచ్చింది. ముందు నీళ్ల దగ్గరికి పోలేదు. రైలు బల్ల ముందు వంగి కింద చూసింది. నాలుగు కాళ్లు, ఒక సన్న తీగ, ఖాళీ నేల. చాలాసేపు చూసి నడుము పట్టుకుని లేచింది.

"బడి నుంచి కాగితం వచ్చింది," అంది, అతని వైపు చూడకుండా. "నా తప్పు లేదని రాసిన్రు. మళ్ల పనికి రమ్మన్నరు."

"పోతవా అక్కా?"

"పోను." కర్ర అందుకుని నీళ్లవైపు తిరిగింది. "కాగితం నా కొడుకుకు చూపించిన."

కృపాకర్ ఇంకో బట్ట తెచ్చి రెండో వైపు నుంచి తుడవడం మొదలుపెట్టాడు. ఆమె వద్దనలేదు. నేల ఆరాక బకెట్ తీసుకుని తన బ్లాకుకు వెళ్లిపోయింది.

సాయంత్రం దాకా అతను రైలు నడపలేదు. అడిగినవాళ్లకు నేల ఇంకా తడిగా ఉందని చెప్పాడు. మూడోనాడు లెక్చరర్ అన్నీ మళ్లీ చూశాకే కృపాకర్ స్విచ్ వేశాడు. వేసేటప్పుడు పక్కన గీతాంజలి నిలబడి అతని మోచేయి పట్టుకుంది. షెడ్డులోంచి మూడు పెట్టెలు మెల్లగా బయటికి వచ్చాయి.