సగం మాత్రలు

నాబుల్ ఊళ్లో నారింజపూలు బట్టీలో కాచి, ఆ ఆవిరి నుంచి పరిమళపు నీరు దించడంలో దౌజా చేతిని మించిన చెయ్యి లేదని పేరు. నిజానికి ఆ పేరు చేతిది కాదు, ముక్కుది. ఏ చుక్క దగ్గర బట్టీ ఆపాలో వాసన చూసి చెప్పేసేది. రెండేళ్లుగా ఆ ముక్కు మూసుకుపోయింది. లోపల కండ పెరిగిందనీ, ఆపరేషన్ చేసి తియ్యాలనీ డాక్టరమ్మ చెప్పి, ముందు వారం రోజులకు స్టెరాయిడ్ మాత్రలు రాసిచ్చింది.

మూడో రోజు పొద్దున దౌజా లేచేసరికి ఇంటినిండా నారింజపూల వాసన. ముసలావిడ మంచం మీదే కూర్చుని ఆనందంతో ఏడ్చేసింది. పూలకాలం ఇంకా మూడు వారాలుంది. మాత్రలు చూస్తే ఐదు రోజులకే ఉన్నాయి. ఎండుమిరప ముద్దయినా, గోధుమరవ్వతో చేసే కుస్కుస్ అయినా ఏడాదికి సరిపడా సర్దుకోవడం ఆ ఊరి ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. దౌజా మాత్రల్నీ అలాగే సర్దింది. సగానికి కోసి, రోజు విడిచి రోజు వేసుకుంది. కోడలు నాయిలాకైనా చెప్పలేదు.

ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె. ఆపరేషన్ రోజుకి వాసన మళ్లీ మాయమైంది. వాపు తగ్గలేదేమిటని డాక్టరమ్మ అడిగితే, దౌజా సంచిలోంచి సగం ముక్కలు తీసి బల్లమీద పెట్టింది. నాయిలా ముక్కున వేలేసుకుంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. "వాపు తగ్గితే రక్తం తక్కువ పోతుంది, నాకు లోపల దారి కనబడుతుంది. అందుకిచ్చానమ్మా ఇవి. వాసన రావడం కొసరు. అదేపనిగా మింగితే ఎముకలు గుల్లవుతాయి."

"కోసి, మాత్రలు ఆపేశాక కూడా వాసన ఉంటుందా తల్లీ?"

"ఉండొచ్చు. మాట మాత్రం ఇవ్వలేను."

ఆపరేషన్ పదిరోజులు వాయిదా పడింది. ఈసారి మాత్రలు నాయిలా తన దగ్గరే పెట్టుకుని, రోజూ పొద్దున రొట్టె తినిపించి, ఎదురుగా నిలబడి మింగించింది. ఆపరేషన్ సుఖంగా జరిగింది. తర్వాత ఇంకొన్నాళ్లు మాత్రలు, ఉప్పునీళ్లతో ముక్కు కడగడం. ఆఖరి మాత్ర అయిపోయాక దౌజాకు భయం పట్టుకుంది. పోయిందని తెలుసుకోవడం కంటే తెలియకపోవడమే నయమనుకుని, దేన్నీ ముక్కు దగ్గరికి తెచ్చుకోవడమే మానేసింది.

పూలు అయిపోయి, వాటిలాగే బట్టీలో కాచే జెరేనియం ఆకుల కాలం వచ్చింది. పెరట్లో బట్టీ దగ్గర నాయిలా పొరుగావిడతో కబుర్లలో పడింది. లోపల దౌజా బఠానీలు ఒలుస్తోంది. మాత్రలు ఆపి అప్పటికి మూడు వారాలు. ఆవిడ చేతులు ఉన్నట్టుండి ఆగిపోయాయి.

"నాయిలా, మంట తగ్గించవే. అడుగంటుతోంది."

నాయిలా చూస్తే నిజంగానే పొయ్యి భగ్గుమంటోంది. మంట సంగతి మరిచి, అత్తగారి దగ్గరికి పరుగెత్తింది.